అచ్చంగా ఉంటే అనుమానమే

మీ పేరుతో ఉన్న రెండు సంతకాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. గీతకు గీత, సున్నకు సున్న పొల్లుపోకుండా కలిసిపోయాయంటే ఆ రెంటిలో ఒకటి మీరు పెట్టింది కాదనే అనుమానించాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా, సంతకాల పరిశీలనలో ఇది తొలిపాఠం. గత అధ్యాయంలో చూసిన వేలిముద్ర, కనుపాప మనిషి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. సంతకం అలా కాదు, అది మనిషి చేసే పని. చేసిన ప్రతిసారీ కాస్తో కూస్తో తేడా వస్తూనే ఉంటుంది. ఎంత తేడా సహజం, ఎక్కణ్ణుంచి అసహజం అన్నది యంత్రానికి ఎలా నేర్పుతారన్నదే ఈ అధ్యాయంలో విషయం.

ఈ తేడాను మొదటిసారి గట్టిగా లెక్కగట్టింది కంప్యూటర్లు పుట్టకముందే, అమెరికాలో ఒక ఆస్తి తగాదాలో.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్ ఆ రోజుల్లో తిమింగలాల వేటకు పేరుపడ్డ రేవు. ఆ వ్యాపారంలో కూడిన సొత్తుకు వారసురాలు సిల్వియా ఆన్ హౌలాండ్ 1865లో చనిపోయింది. ఆస్తి విలువ సుమారు 20 లక్షల డాలర్లు. విల్లు ప్రకారం అందులో సగం దానధర్మాలకూ ఇతరులకూ పోతుంది. మిగతా సగం ట్రస్టులో ఉంటుంది, దాని మీద వచ్చే రాబడి మాత్రమే తోబుట్టువు కూతురు హెట్టీకి అందుతుంది. హెట్టీ ఊరుకోలేదు. అంతకుముందు రాసిన ఒక పాత విల్లు తీసి, దానికి జతగా మరో కాగితం ఉందంది. తర్వాత రాసే ఏ విల్లూ చెల్లదని ఆ కాగితంలో ఉంది. కింద సిల్వియా సంతకం కూడా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ సంతకం పాత విల్లు మీది సంతకంతో అచ్చుగుద్దినట్టు కలిసిపోయింది.

అసలు సంతకాన్ని కింద పెట్టి పైన దిద్దారని ఎదుటిపక్షం వాదన. దాన్ని రుజువు చెయ్యడానికి హార్వర్డ్ గణితాచార్యుడు బెంజమిన్ పియర్స్‌నూ, ఆయన కొడుకు చార్ల్స్‌నూ పిలిపించారు. ఈ చార్ల్స్ సాండర్స్ పియర్సే తర్వాత తర్కశాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. సిల్వియావే అని ఇరుపక్షాలూ ఒప్పుకున్న 42 సంతకాల ఫోటోలు తెప్పించారు. ఒక్కో సంతకంలో పైనుంచి కిందికి లాగిన గీతలు 30 ఉన్నాయి. 42 సంతకాలను జతలు జతలుగా పోలిస్తే 861 జతలు. జతకు 30 గీతల చొప్పున 25,830 పోలికలు. వీటన్నిటినీ చార్ల్స్ ఒకదాని మీద ఒకటి పెట్టి కళ్లతో చూశాడు. గీతలు కలిసినవి 5,325, అంటే దాదాపు ఐదింట ఒకటి. ఇక తండ్రి లెక్క: ఒక గీత కలవడానికి ఐదింట ఒక వంతు అవకాశం ఉంటే, 30కి 30 కలవడానికి ఐదో వంతును 30 సార్లు గుణించాలి. వచ్చే భిన్నంలో హారం ఇరవైకి పైగా అంకెలున్న సంఖ్య. మానవజాతి పుట్టిన నాటి నుంచీ సంతకాలు పెడుతూ కూర్చున్నా అలాంటి జత దొరకదని తాత్పర్యం.

లెక్క దివ్యంగానే ఉంది గానీ అందులో ఒక లొసుగుంది. 30 గీతలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదని పియర్స్ అనుకున్నాడు. చెయ్యి ఒక గీతలో కాస్త వాలితే పక్క గీతలోనూ వాలుతుంది. ఒకే రోజు ఒకే బల్ల దగ్గర పెట్టిన రెండు సంతకాలు, ఏళ్ల తేడాతో పెట్టిన వాటికన్నా దగ్గరగా ఉంటాయి. కాబట్టి అసలు అవకాశం ఆయన చెప్పినంత సూక్ష్మం కాదు. ఐనా ఆయన అడిగిన ప్రశ్న సరైనది. ఈ రెండూ ఎంత పోలి ఉన్నాయని అడిగి ఊరుకోకుండా, ఈ మనిషి సంతకాలు మామూలుగా ఎంత మారతాయో ముందు కొలిచాడు. ఇవాళ్టి యంత్రాలు చేస్తున్నదీ అదే. కేసు 1868లో తేలింది. కోర్టు ఈ లెక్కల జోలికి పోకుండా వేరే చట్టపరమైన కారణంతో హెట్టీ వాదన కొట్టేసింది. ఆవిడ తర్వాత హెట్టీ గ్రీన్ పేరుతో వాల్ స్ట్రీట్‌లో మహా సంపన్నురాలైంది. ఆ కథ వేరు.

చెయ్యి వేసుకున్న దారి

దొంగ సంతకం పెట్టేవాడికి ఎదురయ్యే అసలు కష్టం ఆకారంలో లేదు. కాస్త చిత్రలేఖనం వచ్చినవాడు ఆకారాన్ని ఇట్టే దింపేస్తాడు. కష్టమంతా వేగంలో ఉంది.

కంటితో చూసి చేతిని సరిదిద్దుకోవడానికి మనకు సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. అలవాటైన సంతకంలో ఒక్కో గీత అంతకంటే తక్కువ సమయంలో ముగుస్తుంది. అంటే మన సంతకాన్ని మనం చూస్తూ రాయడం లేదు. మెదడు ముందే ఆజ్ఞలు వరసగా పంపేస్తుంది, చెయ్యి వాటిని నెరవేరుస్తుంది, కన్ను తర్వాత వచ్చి చూస్తుంది. మాంట్రియల్‌లో రెజాన్ ప్లామొండాన్ ఈ కదలికల మీద దశాబ్దాల పాటు పనిచేశాడు. ఒక్కో గీతలో కలం వేగం చరచరా పెరిగి, అంతకన్నా నెమ్మదిగా తగ్గే తీరును ఆయన ఒక గణిత రేఖతో పట్టుకున్నాడు. సంతకమంతా అలాంటి రేఖలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన వరస.

దొంగచెయ్యికి ఆ వరస తెలియదు. అది చూస్తూ గీస్తుంది, తప్పుతుంది, సరిదిద్దుకుంటుంది. సంక్రాంతి ముగ్గు ఏళ్లుగా వేస్తున్న ఆవిడ పిండి జారవిడుస్తూ గీతను ఒక్క లాగులో చుట్టేస్తుంది. అదే ముగ్గును పుస్తకంలో చూసి వేసేవాళ్ల గీతలో అడుగడుగునా తడబాటు కనిపిస్తుంది. కాగితం మీదా అంతే. వణికిన గీత, మొండిగా ఆగిన చివరలు, ఆగకూడని చోట ఆగినందువల్ల ఊరిన సిరా, ఎత్తకూడని చోట ఎత్తిన కలం. అమెరికన్ నిపుణుడు ఆల్బర్ట్ ఆస్‌బర్న్ 1910లో వెలువరించిన ఉద్గ్రంథం నాటి నుంచీ నిపుణులు భూతద్దంతో వెతికేవి ఇవే.

తెలుగులో సంతకం పెట్టేవారి చేతిని దగ్గరగా చూడండి. పేరు చివర ‘రావు’ ఉందనుకుందాం. ఇరవై ఏళ్లుగా అదే సంతకం పెడుతున్న మనిషి ‘ర’ను విడిగా రాయడు. సున్న చుట్టిన ఊపులోనే దీర్ఘం అలలా లేస్తుంది, అక్కణ్ణుంచి కలం ఎత్తకుండా ‘వ’లోకి దిగుతుంది, కొమ్ము సాగి సాగి పేరు మొత్తానికి కింద గీతైపోతుంది. తలకట్టు వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు. వేసినప్పుడు అది చిట్టచివర గాల్లోంచి వచ్చిపడే చిన్న టిక్కు. అనుకరించేవాడు బడిలో నేర్చిన క్రమంలో అక్షరం తర్వాత అక్షరం కడతాడు, తలకట్టును దాని చోట దాన్ని పెడతాడు. చూపుకు రెండూ ఒకటే. కలం నడిచిన దారులు మాత్రం వేరు. ఆ దారిని యంత్రం పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

కదలికతో సహా

ఆ దారిని పట్టుకోవడానికి సంతకాన్ని కాగితం మీద పెట్టించకూడదు, పలక మీద పెట్టించాలి. కొరియర్ కుర్రాడు ముందుకు చాచే ఫోన్ తెర కూడా ఒక రకం పలకే, కాకపోతే నాసిరకం. మంచి పలకలు సెకనుకు వంద నుంచి రెండు వందల సార్లు కలం మొన ఎక్కడుందో, ఎంత ఒత్తిడితో ఉందో రాసుకుంటాయి. కొన్ని పలకలకు కలం తెరను తాకకుండా కాస్త పైన తిరుగుతున్నా తెలుస్తుంది. సంతకంలో కాగితానికి ఎక్కని భాగం అది. చూసి అనుకరించేవాడికి దాని ఆచూకీ దొరకదు. ఈ ఆలోచన పాతదే: ఐబీఎంలో హెర్బ్‌స్ట్, లియూ అనే ఇద్దరు 1977లోనే కలంలో త్వరణాన్ని కొలిచే సాధనం అమర్చి, గీతను వదిలేసి చేతి ఊపునే సరిచూసే పద్ధతి ప్రచురించారు.

ఐతే కదలిక చేతికందగానే ఒక చిక్కొచ్చిపడుతుంది. నిన్న సెకనున్నరలో పెట్టిన సంతకం ఇవాళ రెండు సెకన్లు పడుతుంది. మొదటి సగం వేగంగా, రెండో సగం తీరిగ్గా పెట్టొచ్చు. అంకెకు అంకె పోలిస్తే ఏదీ కలవదు. ఎలా ఉంటుందో చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు నేను కల్పించినవే. కలం ఎంత ఎత్తులో ఉందో వరసగా నమోదు చేశామనుకోండి. నమూనా సంతకంలో 1, 3, 7, 4, 1 అని వచ్చింది. అదే మనిషి మర్నాడు కాస్త నిదానంగా పెట్టాడు: 1, 1, 3, 7, 7, 4, 1. దొంగ పెట్టింది: 1, 3, 5, 5, 4, 3, 1.

మొదటి ఐదు అంకెలను నమూనాతో స్థానానికి స్థానం పోల్చి తేడాలు కూడండి. అసలు మనిషికి 0, 2, 4, 3, 6 కలిపి 15. దొంగకు 0, 0, 2, 1, 3 కలిపి 6. ఈ కొలబద్ద ప్రకారం దొంగే అసలు మనిషి!

ఇప్పుడు కాలాన్ని సాగదీయడానికి ఒప్పుకుందాం. ఒక వరసలోని ఒక అంకెను అవతలి వరసలో పక్కపక్కనున్న రెండు మూడు అంకెలతో జత కట్టవచ్చు. వెనక్కి మాత్రం వెళ్లకూడదు. అసలు మనిషి రెండు 1లూ నమూనాలోని ఒక్క 1తో, రెండు 7లూ ఒక్క 7తో జతకడతాయి. మొత్తం తేడా సున్న. దొంగ దగ్గర 7 అన్నదే లేదు. అంత ఎత్తుకు వాడి చెయ్యి లేవనే లేదు. ఎంత సర్దినా 5ను 7తో కట్టినందుకు 2, రెండో 5ను 4తో కట్టినందుకు 1, 3ను 4తో కట్టినందుకు మరో 1, వెరసి 4కు తగ్గదు. తీర్పు తిరగబడింది. ఈ సాగదీత లెక్క సంతకాల కోసం పుట్టింది కాదు. ఒకే మాటను ఒకరు గబగబా, ఒకరు నింపాదిగా పలికినా గుర్తుపట్టాలని మాటల గుర్తింపు మీద పనిచేసినవాళ్లు తయారుచేసుకున్నారు. జపాన్‌లో సకోయె, చిబాలు 1978లో ప్రచురించిన రూపమే అందరూ వాడేది. చేతిరాతకు అది అమరినంతగా మరేదీ అమరలేదేమో అనిపిస్తుంది.

అమరిందనడానికి సాక్ష్యం 2004లో దొరికింది. సంతకాలు సరిచూసే ప్రోగ్రాములకు ఆ ఏడాది తొలి అంతర్జాతీయ పోటీ పెట్టారు. సంతకాలు కొన్ని చైనీస్‌లో, కొన్ని ఇంగ్లీషులో. దొంగ సంతకాలు పెట్టేవాళ్లకు అసలు సంతకం గీతగీతగా ఎలా నడిచిందో తెర మీద మళ్లీ మళ్లీ చూసుకునే వీలిచ్చారు, అంటే నిజజీవితంలో ఏ దొంగకూ దక్కని సౌకర్యం. టర్కీలోని సబాంజీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఖోల్మతోవ్, యానికోలు జంట ఈ సాగదీత లెక్కతోనే గెలిచింది. పొరపాటు రేటు 2.8 శాతం. కలం ఒత్తిడి కొలతలు కూడా ఇచ్చిన రెండో పోటీలో ఫలితం ఏమీ మెరుగుపడలేదు. ఒత్తిడి మనిషిని పట్టిస్తుందని అందరూ అనుకునేవారు. అది మనిషి మనఃస్థితిని బట్టి, కలాన్ని బట్టి, బల్లను బట్టి మారిపోతుంది. ఈ పోటీ మీద నాకో అభ్యంతరం ఉంది. ఎవరి అసలు సంతకమూ బయటపడకూడదని, పాల్గొన్నవాళ్ల చేత కొత్త సంతకాలు కల్పింపజేసి, సాధన చేయించి పెట్టించారు. జాగ్రత్త మంచిదే, కానీ నిన్నగాక మొన్న నేర్చిన సంతకం ఇరవై ఏళ్ల సంతకంలా ప్రవర్తించదు.

రెండు చుక్కల వెడల్పు గీత

మన బ్యాంకుల్లో జరిగే పని ఇంత సుఖంగా ఉండదు. చెక్కు మీద సంతకం కాగితం మీద చచ్చిపడి ఉంటుంది. కలం ఎటు నుంచి వచ్చిందో, ఎంత వేగంతో పోయిందో చెప్పేవాళ్లు లేరు. పైగా ఇవాళ సంతకం సరిచూసే బ్యాంకు ఆ కాగితాన్ని కూడా చూడదు.

2008లో ఢిల్లీలో మొదలై, 2011లో చెన్నైకీ, 2013లో ముంబయికీ వచ్చిన కొత్త క్లియరింగ్ పద్ధతిలో చెక్కు ప్రయాణం చెయ్యదు, దాని బొమ్మ ప్రయాణం చేస్తుంది. మీరు హైదరాబాద్‌లో ఇచ్చిన చెక్కును విజయవాడలో ఒకరు తమ బ్యాంకులో వేస్తే, కాగితం అక్కడే ఆగిపోతుంది. మీ బ్యాంకుకు వచ్చేవి మూడు బొమ్మలు: ముందువైపుది బూడిదరంగు ఛాయలతో అంగుళానికి 100 చుక్కల లెక్కన ఒకటి, నలుపు తెలుపుల్లో 200 చుక్కల లెక్కన ఒకటి, వెనకవైపుది నలుపు తెలుపుల్లో మరొకటి. లెక్క వేద్దాం. బాల్‌పెన్ను గీత వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. అంగుళానికి 100 చుక్కలంటే ఆ గీతకు దక్కేది రెండే రెండు చుక్కలు. ఐదు సెంటీమీటర్ల సంతకం మొత్తం పొడవునా 200 చుక్కలు. నిపుణుడు భూతద్దంలో వెతికే వణుకు, ఊరిన సిరా, మొండి చివర ఆ రెండు చుక్కల్లో ఎక్కడ మిగులుతాయి? రెండో బొమ్మలో నాలుగు చుక్కలు వస్తాయి గానీ ప్రతి చుక్కా నలుపో తెలుపో ఒకటే. ఒత్తి రాసిందీ తేలిగ్గా తగిలించిందీ ఒకేలా కనిపిస్తాయి.

ఈ బొమ్మలో ముందు సంతకాన్ని వెతికి పట్టుకోవాలి. కింద అచ్చువేసిన పేరు ఉంటుంది, వెనక బ్యాంకు చిహ్నాల నేత ఉంటుంది. వ్యాపారుల చెక్కులైతే ‘ప్రొప్రయిటర్’ అన్న రబ్బరు ముద్ర మీదే సంతకం ఎక్కి కూర్చుంటుంది. నేపథ్యం నుంచి సిరాను విడదీయడానికి ఏ ఛాయ వరకు సిరా, ఏ ఛాయ నుంచి కాగితం అన్న గీటు గీయాలి. ఆ గీటు ఎక్కడ పడాలో బొమ్మలోని ఛాయల పంపకాన్ని బట్టి తేల్చే ఉపాయం జపాన్ శాస్త్రవేత్త ఒత్సు 1979లో చెప్పాడు. అది చాలా పనుల్లో ఈనాటికీ పనికొస్తోంది. రబ్బరు ముద్ర సిరా, పెన్ను సిరా ఒకే ఛాయలో ఉంటే ఆ ఉపాయమూ చేతులెత్తేస్తుంది.

ఆ తర్వాత పోలిక. మొదట్లో ఏం పోల్చాలో మనుషులే చెప్పేవారు: వాలు ఎంత, ఎత్తుకు పొడవు ఎన్ని రెట్లు, మూసుకున్న సున్నలు ఎన్ని, సిరా ఏ గడిలో ఎంత చిక్కగా ఉంది. 1993లో బెల్ లాబ్స్‌లో జేన్ బ్రామ్లీ, ఇసబెల్ గీయోన్, యాన్ లెకూన్ తదితరులు దారి మార్చారు. వాళ్లు ఒకే రకం న్యూరల్ నెట్‌వర్కులు రెండు పెట్టారు. లోపలి తూకాలన్నీ రెంటికీ ఉమ్మడి. ఒకదానికి ఒక సంతకం, రెండోదానికి మరో సంతకం ఇస్తారు. ఒక్కోటీ తనకిచ్చిన సంతకాన్ని కొన్ని అంకెల వరసగా మారుస్తుంది. ఒకే మనిషివైతే రెండు వరసలు దగ్గరకు రావాలి, దొంగదైతే దూరం జరగాలి. వేల జతలు చూపిస్తూ, తప్పినప్పుడల్లా తూకాలు సర్దుతూ పోతే, ఏం చూడాలో నెట్‌వర్కు తనంతట తానే ఎంచుకుంటుంది. క్రెడిట్ కార్డు వెనక నల్లటి అయస్కాంత పట్టీలో ఇరుక్కునేలా ఆ అంకెల వరసను 80 బైట్లకు కుదించాలన్నది వాళ్ల లక్ష్యం. వాళ్ల సంతకాలు పలక మీద తీసినవి. కాగితం సంతకాలకు ఇదే ఉపాయం తర్వాత వచ్చింది. ఇవాళ ముఖాలను గుర్తుపట్టే పద్ధతుల్లో చాలావాటికి ఈ జంట నెట్‌వర్కే మూలం. సంతకాల కోసం పుట్టిన ఆలోచన మన ఫోన్ తాళం తీసేదాకా వచ్చింది.

మన దేశపు లిపుల మాటేమిటి? కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఉమాపద పాల్, సహచరులు వంద మంది బెంగాలీ సంతకాలనూ, 160 మంది హిందీ సంతకాలనూ సేకరించారు. మనిషికి 24 అసలువి, 30 దొంగవి. 2017లో బార్సిలోనా పరిశోధకులతో కలిసి జంట నెట్‌వర్కును వాటి మీద పరీక్షించారు. అమెరికాలోని బఫెలోలో పోగుచేసిన 55 మంది సంతకాల మీద నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న ఆ పద్ధతే, బెంగాలీ మీద 86 శాతం దగ్గర, హిందీ మీద ఇంకాస్త కింద ఆగింది. ఒక లిపి మీద నేర్పి మరో లిపి మీద పరీక్షిస్తే ఇంకా దిగజారింది. నూటికి నూరు అన్న ఫలితాన్ని ఎక్కడ చూసినా నేను ముందు అడిగేది ఎంతమందిని చూశారనే. తెలుగు సంతకాన్ని చదివే యంత్రం కొంటున్న బ్యాంకు అడగాల్సిందీ, ఏ లిపి మీద నేర్పారనే.

ఇంకో ఇబ్బంది కొరత. పరిశోధనశాలలో మనిషికి 24 సంతకాలు దొరుకుతాయి. బ్యాంకులో ఉండేది ఖాతా తెరిచిన రోజు గళ్లలో ఇరికించి పెట్టిన ఒకటో రెండో స్పెసిమన్ సంతకాలు. ఒక్క సంతకాన్ని చూసి ఆ మనిషి సంతకం ఎంత మారుతుందో చెప్పమంటే పియర్స్ కూడా చెప్పలేడు.

గీటు ఎక్కడ గీయాలి

యంత్రం ఎప్పుడూ అవుననో కాదనో చెప్పదు. ఒక అంకె చెబుతుంది. ఆ అంకె ఇంత దాటితే పాస్, లేకపోతే ఆపు అని గీటు గీసేది మనుషులే. గీటు పైకి జరిపితే దొంగలు దొరుకుతారు, వాళ్లతో పాటు నిజమైన ఖాతాదారులూ ఇరుక్కుంటారు. కిందికి జరిపితే ఖాతాదారులు హాయిగా ఉంటారు, దొంగలూ హాయిగా ఉంటారు. రెండు రకాల తప్పులూ సమానమయ్యే చోటి శాతాన్నే పోటీల్లో పొరపాటు రేటుగా ప్రకటిస్తారు.

3 శాతం అంటే తక్కువే కదా అనిపిస్తుంది. రోజుకు 10,000 చెక్కులు వచ్చే కేంద్రంలో 10 దొంగ చెక్కులున్నాయనుకుందాం. నిజమైన 9,990లో 3 శాతం, అంటే దాదాపు 300 చెక్కుల్ని యంత్రం ఆపేస్తుంది. పది దొంగవాటిలో పదీ దొరికాయనే అనుకున్నా, ఆపిన 310లో దొంగవి పదే. అనుమానితుల్లో నూటికి 97 మంది నిర్దోషులన్నమాట. అందుకే బుద్ధున్న ఏ బ్యాంకూ యంత్రం మాట విని నేరుగా చెక్కు తిప్పి పంపదు. ఆపినవాటిని తెర మీద పక్కపక్కన పెట్టి ఒక ఉద్యోగి చూస్తాడు.

ఉద్యోగి కన్ను ఏపాటిదో కూడా కొలిచారు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో మోషె కామ్ బృందం 2001లో ప్రచురించిన పరీక్షలో, దొంగ సంతకాన్ని అసలుదని పొరబడడం శిక్షణ పొందిన నిపుణుల్లో 0.49 శాతమైతే మామూలు జనంలో 6.47 శాతం. నన్ను ఆశ్చర్యపరిచింది రెండో రకం తప్పు: అసలు సంతకాన్ని దొంగదనడం నిపుణుల్లో 7 శాతం, మామూలు జనంలో 26 శాతం. దొంగను వదిలేస్తామన్న భయంతో మనం నిజమైన వాళ్లనే ఎక్కువగా అనుమానిస్తాం.

గీటు రాజకీయాల్లోకీ ఎక్కింది. 2020 అమెరికా ఎన్నికల్లో నెవాడా రాష్ట్రం క్లార్క్ కౌంటీ, తపాలాలో వచ్చిన ఓట్ల కవర్ల మీది సంతకాలను అజిలిస్ అనే యంత్రంతో చూపించింది. వందలో 40 దగ్గర గీటు పెట్టారు. సుమారు 30 శాతం సంతకాల్ని యంత్రం ఆమోదించింది, మిగతావి మనుషులు చూశారు. 40 చాలా తక్కువని కోర్టుకెళ్లారు. న్యాయమూర్తి ఆపడానికి ఒప్పుకోలేదు. ఆ కేసులో ఒక ముఖ్యమైన వాదన నడిచింది ఒక అంకె మీద.

మన చట్టం ఈ విషయంలో ఖాతాదారు పక్షానే ఉంది. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 1987లో తేల్చింది: సంతకం దొంగదైతే ఆ చెక్కు అసలు ఆదేశమే కాదు, దాని మీద డబ్బిచ్చే హక్కు బ్యాంకుకు లేదు, పాస్‌బుక్ చూసుకోలేదని ఖాతాదారు మీద తోసెయ్యడం కుదరదు. ఎంత అచ్చంగా ఉన్నా, యంత్రం ఎన్ని మార్కులు వేసినా నష్టం బ్యాంకుదే. అటుపక్క, అప్పు ఎగ్గొట్టడానికి కావాలనే సంతకం మార్చి చెక్కు ఇచ్చేవాళ్లున్నారు. సంతకం కలవక తిరిగొచ్చిన చెక్కు కూడా బౌన్సు నేరం కిందికే రావచ్చని అదే కోర్టు 2012లో చెప్పింది. సంతకాలను పోల్చే అధికారం కోర్టుకు 1872 నాటి సాక్ష్య చట్టంలో 73వ సెక్షన్ ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 72వది. నిపుణుడు చెప్పినా, యంత్రం చెప్పినా అది అభిప్రాయమే, తీర్పు న్యాయమూర్తిదే.

రిజర్వు బ్యాంకుకూ సంతకం మీద పూర్తి భరోసా ఉన్నట్టు కనిపించదు. 2021 జనవరి 1 నుంచి వచ్చిన పాజిటివ్ పే ఏర్పాటులో, 50,000 రూపాయలూ ఆ పైన చెక్కులకు తేదీ, ఎవరికిచ్చారు, ఎంత అన్న వివరాల్ని ఖాతాదారే ముందుగా బ్యాంకుకు తెలపవచ్చు. సంతకం ఎంత బాగా దింపినా ఆ వివరాలు కలవకపోతే చెక్కు ఆగుతుంది. సంతకాన్ని గుర్తుపట్టడంలో ఏ యంత్రం సాధించినదాని కన్నా ఈ సాదా ఏర్పాటే పెద్ద చెక్కుల దొంగలకు ఎక్కువ అడ్డమని నా అంచనా.

యంత్రం చేతిలో ఎక్కువ అవస్థ పడేది వయసు మళ్లినవాళ్లు. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినవాళ్ల అక్షరాలు రాసేకొద్దీ చిన్నవవుతాయి, గీత వణుకుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ల చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. యంత్రం కంటికి వణుకు, నిదానం, మధ్యమధ్య ఆగిన కలం అంటే దొంగచెయ్యి లక్షణాలు. ఆ మనిషికి జబ్బు చేసిందని దానికి చెప్పేవాళ్లు లేరు. ఇలాంటివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది: సంతకం చెయ్యలేని ఖాతాదారు వేలిముద్రనో, అదీ వీలుకాకపోతే కాలి వేలిముద్రనో, ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకోవాలి, ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు ఉద్యోగి కావాలి. బ్రాంచిలో ఈ సంగతి తెలియదంటే నిబంధన చూడమని అడగండి.

చెయ్యి బాగానే ఉన్నవాళ్లకు ఒక్క మాట. మీ స్పెసిమన్ సంతకం ఏ ఏడాది ఇచ్చిందో ఈసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు కనుక్కోండి. పదేళ్లు దాటి ఉంటే కొత్తది ఇచ్చి రండి, ఒకటి కాదు, వాళ్లు తీసుకున్నన్ని.